దేంతోని తిన్నది?

నా మొదటి కథ అచ్చయి నలభై ఏళ్ళు దాటింది. దాని పేరు ఇక్కడ అనవసరం. తెలంగాణ సాయుధ పోరాట కాలం. దొర చేలో కలుపు తీసే ఒక కూలి మనిషి. ఇంట్లో మూడు రోజుల పస్తు. సంఘం వాళ్ళు గడీ మీదికి పోయి గరిసెలు పగలగొట్టి వడ్లు పంచుతారు. చివరి వాక్యంలో ఆమె, బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిని, ఊరి చివర ఎగురుతున్న ఎర్రజెండా వంక చూస్తుంది. పత్రిక ఇంటికి వచ్చిన రోజున కట్టంగూర్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు అక్షరం ముక్క రాదు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ చివరిదాకా విన్నది. విని, "అంత మంచిగనే ఉన్నది గని కొడుకా, దేంతోని తిన్నది?" అని అడిగింది.

"అన్నం తిన్నదమ్మా."

"అన్నం సరే. కూరేంది?"

కూర నేను రాయలేదు. ఆ మాటే చెప్పాను.

"వడ్లు పంచిన్రంటివి. దంచిందెవరు? పస్తున్న మనిషి దంచుతదా? దంచి, చెరిగి, వండెటాలకు పొద్దుమూకదా? ఇగ మూడొద్దులు తిననోళ్ళు ఒక్కపారి కడుపునిండ తింటె కడుపుల నిలుస్తదా? ముందుగాల ఇంత ఉప్పేసుకొని గంజి తాగాలె. ఇంకోటి, మన దిక్కు దొరల కాడ వడ్లెన్ని, జొన్నలెన్ని? పాతర్లల్ల ఉండేటియి జొన్నలే గద." ఇంకా ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగింది. "నువ్వు రాసింది మంచిగనే ఉన్నది తీ" అని మళ్ళీ చేట అందుకున్నది.

ఆనాడు నవ్వుకున్నాను. వర్గపోరాటం మీద కథ రాస్తే కూర సంగతి అడుగుతుందేమిటని మిత్రులకు చెప్పి వాళ్ళనూ నవ్వించాను. ఆ నవ్వు తలచుకుంటే ఇవాళ సిగ్గేస్తుంది. అమ్మ అడిగినవి వంటింటి ప్రశ్నలు కావు. వాస్తవికతే మన ఆయుధమని చెప్పుకునే రచయితను పట్టుకుని, నీ వాస్తవికతలో వాస్తవం ఎంత అని నిలదీసిన ప్రశ్నలు. ఆ కథను మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసిన వాళ్ళు చాలామందే ఉన్నారు. వడ్లు దంచితే తప్ప అన్నం కావన్న సంగతి వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. మేమంతా కూలి మనిషి పక్షాన నిలబడ్డవాళ్ళమే.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం మరొకటి. మా ఇంటికి సాహిత్య విద్యార్థులు కొందరు వస్తూ పోతూ ఉంటారు. వాళ్ళకొక పని అప్పగించాను. మీ ఇళ్ళల్లో, వాడల్లో ఉన్న పెద్దవాళ్ళను ఒక్క ప్రశ్న అడిగి రండి: మీ బతుకులో ఎన్నటికీ మరిచిపోలేని తిండి ఏది? పోయేముందే పిల్లలు జవాబు ఊహించేశారు. కరువు చెప్తారు సార్, పస్తులు చెప్తారు, గంజినీళ్ళు చెప్తారు అన్నారు. వాళ్ళ తప్పు కాదు. పాఠ్యపుస్తకాల్లోనూ, మన కథా సంకలనాల్లోనూ వాళ్ళకు దొరికిన పేదవాడు ఆకలిగొన్నవాడే గాని తినేవాడు కాదు.

కట్టంగూర్ సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రహదారి మీద నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ మధ్య ఉంటుంది మా ఊరు. చెల్క భూములు. జొన్న, సజ్జ, కంది, ఆముదం ఈ నేల పంటలు. చెరువు కింద పారే కొద్దిపాటి తరి తప్పిస్తే వరి లేదు. మా తాతల కాలంలో వరి బువ్వ అంటే పండుగ. మిగిలిన రోజుల్లో గటక, అంబలి, జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం.

పిల్లలు తెచ్చిన జవాబుల్లో కరువు లేకపోలేదు. కాని ముందు వరసలో అది లేదు. ఒక ముసలామె తన మొదటి కాన్పు చెప్పింది. తల్లిగారింట్లో బాలింతగా మంచం మీద కూర్చోబెట్టి, ఉడుకుడుకు బువ్వలో ఎల్లిపాయ కారం, ఇంత నెయ్యి కలిపి తల్లి చేతికిచ్చిందట. "అప్పటిదాంక నేను ఉడుకు బువ్వ తినలే బిడ్డా. అందరు తిన్నంక తినేటిదాన్ని. సల్లారిన బువ్వనే బువ్వ అనుకున్న" అన్నదట. ఆ బువ్వలోంచి లేచిన ఆవిరి మొహానికి తగలడం ఆమెకు ఇప్పటికీ గుర్తు. ఈ ఒక్క మాట విన్న తర్వాత, స్త్రీల శ్రమ మీద మనం రాసిన ఎన్నో పేజీలు నా కళ్ళముందు వెలవెలపోయాయి.

మరొకాయన చిన్నతనంలో జీతం ఉన్నవాడు. దసరా నాడు దొర ఇంట్లో వండిన యాటకూర, వరి బువ్వ చెప్పాడు. కూరలో వేసిన మసాలా దినుసులు ఒక్కొక్కటి పేరుపెట్టి చెప్పాడట. ఎక్కడ కూర్చుని తిన్నావు తాతా అని అడిగితే, "అదెందుకు పటేలా, తిన్నది అడిగినవు చెప్పిన" అన్నాడట. అడిగిన పిల్లవాడు ఆయన మనవడి వయసువాడు, ఆయన వాడవాడు కాడు. ఆ 'పటేలా' అన్న పిలుపులోనే కూర్చున్న చోటు ఉంది. కొట్టంలో, ఇంటి నుంచి తెచ్చుకున్న కంచుట్లో తిన్నానని తర్వాతెప్పుడో ఆయనే చెప్పాడు. రుచి మరవలేదు, చోటూ మరవలేదు. రెండూ ఒకే ముద్దలో ఉన్నాయి.

భివండీ మరమగ్గాల మీద ముప్పై ఏళ్ళు పనిచేసి వచ్చిన ఒకాయన ఊరి నుంచి బస్సులో ఎవరో తెచ్చిన సజ్జరొట్టెలు చెప్పాడు. అవి ఎండి అట్టముక్కలయ్యాయట. నీళ్ళలో తడుపుకుని నలుగురు పంచుకున్నారట. ఇంకొకరు ఒట్టితునకలు చెప్పి, అది పత్రికలో రాయొద్దన్నారట. పేరు రాయడం లేదు కాబట్టి రాస్తున్నాను.

పిల్లలు తబ్బిబ్బయ్యారు. "సార్, వీళ్ళు ఆకలి కంటే రుచి ఎక్కువ చెప్తున్నారు" అన్నాడొకడు. అభ్యుదయ సాహిత్యంలో తిండి గురించి నేను వేయదలచిన ప్రశ్న ఆ కుర్రవాడి మాటలోనే ఉంది. మనం పేదవాడికి ఆకలి ఇచ్చాం. రుచి ఇవ్వలేదు. రుచి అగ్రహారాల రచయితలదనీ, జమీందారీ వంటశాలలదనీ వదిలేసుకున్నాం.

దీనికి మార్క్సునే అడ్డం పెట్టే మిత్రులున్నారు. 1844 నాటి రాతప్రతుల్లో ఆయన అన్నాడు గదా, ఆకలితో చస్తున్న మనిషికి తిండి తాలూకు మానవ రూపం కనిపించదని, అతడి తిండికీ పశువు మేతకూ తేడా చెప్పలేమని. నిజమే, అన్నాడు. కాని అదే చోట, మనిషి పంచేంద్రియాలు ఇలా రూపొందడం వెనుక ప్రపంచ చరిత్ర మొత్తం చేసిన శ్రమ ఉందని కూడా అన్నాడు. మొదటి మాట ఒక వ్యవస్థ మీద నేరారోపణ. ఆకలి మనిషిని ఏ స్థితికి దిగజారుస్తుందో చెప్పడం. పేదవాడికి నాలుక ఉండదని చెప్పిన సిద్ధాంతం కాదు. 1857లో రాసిన ఉపోద్ఘాతంలో మరీ స్పష్టంగా చెప్పాడు: వండిన మాంసాన్ని కత్తీ ముల్లుతో తినే ఆకలి వేరు, పచ్చి మాంసాన్ని గోళ్ళతో పళ్ళతో చీల్చే ఆకలి వేరు. అంటే ఆకలికి కూడా చరిత్ర ఉంది. జొన్నరొట్టె కోరే ఆకలి, వరి బువ్వ కోరే ఆకలి ఒకటి కావు. మా అమ్మ "దేంతోని" అని అడిగింది ఆ చరిత్రనే. మన కథలో ఉన్న ఆకలికి మాత్రం ఊరు లేదు, రుతువు లేదు, పంట లేదు. బెంగాల్ కరువుకూ పాలమూరు కరువుకూ ఒకే కడుపు, ఒకే డొక్క.

ఇది మన ఉద్యమం పుట్టుకలోనే ఉన్న లోపమా అంటే, కాదు. అభ్యుదయ రచయితల తొలి అఖిల భారత మహాసభకు 1936 ఏప్రిల్‌లో లక్నోలో అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ అప్పటికే 'కఫన్' రాసి ఉన్నాడు. తిండి జ్ఞాపకం మీద భారతీయ సాహిత్యంలో అంతకంటే పదునైన కథ నేను చదవలేదు. అందరికీ తెలిసిన కథే అయినా తిండి వైపు నుంచి ఒకసారి మళ్ళీ చూడాలి.

గుడిసె ముందు నెగడు దగ్గర తండ్రి ఘీసూ, కొడుకు మాధవ్ కూర్చుని ఎవరి చేలోంచో పెరుక్కొచ్చిన ఆలుగడ్డలు కాల్చుకు తింటున్నారు. లోపల మాధవ్ భార్య బుధియా పురిటినొప్పులతో చచ్చిపోతున్నది. తాను లోపలికి పోతే రెండోవాడు ఆలుగడ్డలన్నీ తినేస్తాడని కొడుకు భయం. వేడి తట్టుకోలేక ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు. ఆ క్షణంలో ఘీసూకు ఇరవై ఏళ్ళ కింద ఒక ఠాకూరు ఇంటి పెళ్ళిలో తిన్న విందు గుర్తొస్తుంది. నేతి పూరీలు, చట్నీ, రాయితా, మూడు రకాల ఆకుకూరలు, పులుసుకూర, పెరుగు, మిఠాయి. వద్దన్నా వినకుండా విస్తట్లో వేసిన వేడి కచోరీలు. తిన్న తర్వాత తాంబూలం. నిలబడే ఓపిక కూడా లేకుండా తిన్నానంటాడు. మాధవ్ మనసులో అవన్నీ నంజుకుంటూ, నువ్వు ఇరవై పూరీలు తిని ఉంటావా అని అడుగుతాడు. ఇరవైకి మించే తిన్నానంటాడు తండ్రి. నేనైతే యాభై లాగించేవాణ్ణంటాడు కొడుకు.

ఈ సన్నివేశం మనలో ఎవరైనా రాసి ఉంటే ఏం చేసేవాళ్ళం? ముందు ఠాకూరును కొట్టివేసేవాళ్ళం. ఘీసూ ఆ ఠాకూరును ఎంత దొడ్డమనసో అని మెచ్చుకుంటాడు. అది 'తప్పుడు చైతన్యం' అని మన సంపాదకుడు ఎర్రసిరాతో గీత గీసేవాడు. తర్వాత కచోరీల లెక్క తగ్గించేవాళ్ళం, వస్తువు నుంచి దృష్టి మళ్ళుతుందని. ప్రేమ్‌చంద్ ఆ రెండు పనులూ చేయలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్క పూట మాత్రమే నిండిన కడుపు ఆ పూటను వంటకం వంటకంగా దాచుకుంటుందని ఆయనకు తెలుసు. దాన్ని నింపినవాడి మీద భక్తి కూడా ఆ వంటకాలతోపాటే దాచుకుంటుందని తెలుసు. భూస్వామ్యం నాలుక మీద కూడా పట్టా రాయించుకుంటుంది. కట్టంగూర్‌లో దసరా కూర దినుసులు పేరుపేరునా చెప్పి, కూర్చున్న చోటు చెప్పడానికి వెనకాడిన ముసలాయనను ఘీసూ పక్కన కూర్చోబెట్టి చూడండి. రుచిని కొట్టివేస్తే దానిలో కలిసిపోయిన అవమానం కూడా కథలోంచి పోతుంది. మనకు ఉపన్యాసం ఒక్కటే మిగులుతుంది.

కథ చివర కఫను కోసం ఊరంతా అడిగి తెచ్చిన ఐదు రూపాయలతో తండ్రీకొడుకులు సారా తాగి, పూరీలు, చేపలు తింటారు. మిగిలిన పూరీల విస్తరిని మాధవ్ ఒక బిచ్చగాడికి ఇచ్చేస్తాడు. ఇవ్వడంలో ఉండే గర్వం, ఆనందం జన్మలో మొదటిసారి అతడికి తెలుస్తాయి. తినడం కంటే పెట్టడం ఎంత పెద్ద విలాసమో, అది కూడా ఎవరి గుత్తాధిపత్యంలో ఉన్నదో ఆ రెండు మూడు వాక్యాలు చెప్పినట్టు ఏ సిద్ధాంత గ్రంథమూ నాకు చెప్పలేదు. ఈ కథ చమార్లను సోమరులుగా, హృదయం లేనివాళ్ళుగా చూపిందని దళిత విమర్శకులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణను తోసిపుచ్చే హక్కు నాకు లేదు. బుధియా నోట మూలుగు తప్ప మాట లేదన్న సంగతి కూడా నిజం. ఏడాదిగా ఆ ఇద్దరి కడుపులూ నింపింది ఆమె. ఆమె మరవలేని తిండి ఏదో ప్రేమ్‌చంద్ కూడా అడగలేదు.

మన ప్రాచీన సాహిత్యంలో తిండికి కొదవ లేదు. శ్రీనాథుడిదిగా చెప్పే ఒక చాటువు తెలుగు విద్యార్థులందరికీ వచ్చు. పల్నాడు పోయిన కవి అక్కడి జొన్నకూడు, చింతచిగురు వేసిన బచ్చలికూర మింగుడుపడక కృష్ణుణ్ణే సవాలు చేస్తాడు: పూతన విషం తాగావు, కార్చిచ్చు మింగావు, ఈ జొన్నకూటి ముద్ద ఒక్కటి మింగు చూస్తాను, నీ పస తెలుస్తుంది అని. తరగతి గదిలో ఈ పద్యానికి నవ్వని పిల్లవాడుండడు. నేనూ నవ్వాను, ఇంట్లో జొన్నకూడు తిని బడికి పోయినవాణ్ణి. మెతుకు తెల్లగా లేకపోతే అది విషంతో సమానమని నవ్వుతూనే ఒప్పుకున్నాను. వరి మాగాణుల నాలుక మొత్తం తెలుగు సాహిత్యానికి నాలుకైపోవడం అక్కడితో మొదలైందో అంతకుముందే మొదలైందో గాని, ఆ పద్యానికి చెల్క భూముల నుంచి ఎవరూ జవాబు రాయలేదు. ఆకలి గురించి వందల పద్యాలు రాసిన మనం కూడా జొన్నరొట్టె రుచిగా ఉంటుందని ఒక్క పద్యం రాయలేదు.

'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం ఉంది. కర్పూరభోగి అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. ధర ఒక్క రూక. ఇంటి యజమాని పేరు లక్ష్మణవజ్ఝల అని కూడా కవి చెప్పాడు. వండిన చేతులు ఎవరివో చెప్పలేదు.

అయితే ఆ కాలపు కవులందరూ వంటింటికి గుడ్డివాళ్ళని అనేస్తే అన్యాయం చేసినట్టవుతుంది. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు వానాకాలం అతిథులకు పెట్టే భోజనం అందరికీ తెలుసు: పొట్టు తీసిన పప్పు, నాలుగైదు వేపుళ్ళు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. అదే కావ్యంలో ముసురు పట్టిన రోజుల్లో నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగవలసి రావడం, దొరికిన నిప్పు రాజుకోకపోవడం, పొగ, వంట తెమలకపోవడం కూడా ఉన్నాయి. రాసింది విజయనగర చక్రవర్తి. తడికట్టెతో అవస్థపడే ఆడమనిషిని ఆయన చూశాడు. నా కథలో పొయ్యే లేదు.

ఈ పద్యాలనే సాక్ష్యంగా పెట్టుకుని పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాశాడు. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. రాజుల యుద్ధాలు వదిలిపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని కావ్యాల్లోంచి ఏరాడు. నాకొక భయం ఉంది. ఇంకో వందేళ్ళ తర్వాత మరొక ప్రతాపరెడ్డి వచ్చి, 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన నాటి నుంచి మనం రాసిన కథలు ముందేసుకుని తెలంగాణ కూలీలు ఏం తిన్నారని వెతికితే? గంజి, అంబలి, ఎంగిలాకు అన్న మాటలు దొరుకుతాయి. వంద కథల్లోంచి ఆ మూడే మాటలు. పచ్చిపులుసు ఎలా చేస్తారో, గటకలోకి సల్ల లేని రోజున ఏం పోసుకుంటారో మన సాహిత్యం చెప్పదు.

మా ఊరికి దగ్గర్లోనే, నకిరేకల్ పక్క చెరువు మాదారంలో పుట్టాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన్ని తలచుకున్నప్పుడల్లా మనం చెప్పుకునే సంగతి ఒకటుంది: చిన్నతనంలో తండ్రి పోతే ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువుకున్నాడని, విజయవాడలో హోటల్ సర్వరుగా పనిచేశాడని. తర్వాత గోలకొండ పత్రికలో ప్రూఫ్ రీడరు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల, జైళ్ళు, 'ప్రజల మనిషి', 'జైలు లోపల', పూర్తికాని 'గంగు'. 1961లో మరణం. దాశరథి 'అగ్నిధార'ను అంకితమిచ్చింది ఈ మనిషికే. సభల్లో ఆయన వంట సంగతి చెప్పి, ఎంత పేదరికంలోంచి వచ్చాడో చూడండి అంటాం, చప్పట్లు కొట్టిస్తాం, ముందుకు పోతాం. నేనూ ఎన్నోసార్లు అలాగే చెప్పాను. ఒక రచయిత పొద్దున్నే లేచి పదిమందికి వండి, అందరూ తిన్న తర్వాత తాను తిని, ఆ తర్వాత పుస్తకం పట్టుకున్నాడంటే ఆ వంట ఆయన చూపుకు ఏం నేర్పిందని మనం అడగలేదు. ఎవరి విస్తట్లో ఏం పడుతుంది, ఎవరికి రెండోసారి వడ్డిస్తారు, ఎవరికి అడుగంటింది మిగులుతుంది అన్నది సర్వరుకు తెలిసినట్టు అర్థశాస్త్రవేత్తకు తెలియదు. ఆయన మీద పరిశోధన చేసే విద్యార్థులుంటే ఈ దారిన ఒకసారి చూడమని నా మనవి. వంటను పేదరికానికి సాక్ష్యంగా మాత్రమే చూడడం మానేస్తే ఆ నవలల్లో కొత్త సంగతులు కనబడవచ్చు.

పోరాటం గురించి కూడా ఇదే మాట. 1946 నుంచి 1951 దాకా జరిగిన చరిత్రను నాయకులు రాశారు. తేదీలు, తీర్మానాలు, దళాలు, దాడులు అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకాల విలువ తక్కువ కాదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, ఆ పోరాటంలోని ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన మాటలు అచ్చులో చూశాం. దళాలకు వండినవాళ్ళు, తిండి మోసుకుపోయినవాళ్ళు, స్థావరాల్లో పొయ్యి బాధ్యత మీదేసుకున్నవాళ్ళు మాట్లాడారు. ఐదేళ్ళు నడిచిన యుద్ధంలో వేలమందికి రోజూ ఎవరో ఒకరు రొట్టెలు చేసి ఉండాలన్న సంగతి అప్పుడుగాని నాబోటివాడి బుర్రకెక్కలేదు. పొగ కనబడితే పట్టుబడే రోజుల్లో పొయ్యి రాజేయడం తుపాకీ పట్టడం కంటే తక్కువ సాహసం కాదు. నా కథలో వడ్లు పంచిన దళం కూడా ఆ రాత్రి ఎక్కడో తినే ఉంటుంది. ఎవరింట్లో?

ఈ మౌనాన్ని మన సంఘాల లోపలి నుంచి ఎవరూ పూర్తిగా బద్దలు కొట్టలేదు. దళిత రచయితలు కొట్టారు. ఓంప్రకాశ్ వాల్మీకి హిందీ ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. పెళ్ళివిందుల్లో మిగిలిన ఎంగిలి పూరీ ముక్కలను మంచం మీద ఎండబెట్టి, వానాకాలంలో నీళ్ళలో ఉడికించి, ఉప్పూ కారం చల్లుకు తినడం అందులో ఉంది. అవి అప్పుడు రుచిగానే ఉండేవని దాపరికం లేకుండా రాశాడు. తలచుకుంటే మనసు చేదెక్కుతుందనీ రాశాడు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన రాయడానికి కావలసిన ధైర్యం మన వర్గ దృక్పథం మనకెందుకు ఇవ్వలేదన్నది నిజాయితీగా ఆలోచించవలసిన విషయం. మేము బయటి నుంచి చూసి ఎంగిలి అన్నాం, అసహ్యం రాశాం. అతడు లోపలి నుంచి చూసి రుచి, అవమానం రెండూ రాశాడు. మన నల్లగొండ నుంచే వేముల ఎల్లయ్య 2000లో 'కక్క' నవల తెచ్చాడు. మాదిగవాడ నుడికారంలో రాసిన ఆ నవల చదవడం కష్టంగా ఉందని ఫిర్యాదు చేసిన మిత్రులున్నారు. ఆ భాషే రాకపోతే ఆ వాడ తిండి పేర్లు మనకెలా తెలుస్తాయి? ఒట్టితునకలు అన్న మాట రాయొద్దని మా విద్యార్థిని బతిమాలిన పెద్దమనిషికి ఆ సంకోచం కలగడంలో మన శిష్టభాష వాటా ఎంతో లెక్క తేల్చుకోవాలి.

కాలం మారింది కదా, ఇప్పుడిదంతా ఎందుకని అడగవచ్చు. మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా ఊళ్ళో రోజూ వరి బువ్వ తినడం మొదలైంది. అది చిన్న సంగతి కాదు. దాన్ని ఓట్ల రాజకీయమని కొట్టిపారేసిన మేధావుల్లో నేనూ ఒకణ్ణి, అప్పటికే రోజూ వరి తింటున్నవాణ్ణి కాబట్టి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం వచ్చినప్పుడు మా వీధిలో ఒకామె, "ఇగ మా ఇంటికి సుట్టాలొస్తె దాసుకునేది లేదు" అన్నది. బియ్యం సన్నమా దొడ్డా అన్నది పోషకాహార నిపుణుడికి పెద్ద విషయం కాకపోవచ్చు. ఆమెకు అది పరువు. ఇదే రహదారి మీద మరోవైపు జొన్నరొట్టెలు అమ్మే కొట్లు వెలిశాయి. కార్లు ఆపి, చక్కెర జబ్బుకు మంచిదని కొనుక్కుపోతున్నారు. శ్రీనాథుడికి మింగుడుపడని కూడు ఇవాళ డబ్బున్నవాడి పథ్యం. జొన్న పండించిన వాళ్ళ పిల్లలకు రొట్టె చరచడం రాదు. ఇంత పెద్ద మార్పు ఒక తరంలో జరిగితే దాని మీద వచ్చిన కథలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆకలి తగ్గేసరికి మనకు వస్తువు పోయినట్టుంది.

ఆకలిని రాయొద్దని నేను అనడం లేదు. అలా అర్థం చేసుకునే మిత్రులు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, వాళ్ళ ఉత్తరాల కోసం ఎదురుచూస్తాను. ఆకలిగొన్నవాడి పక్షాన నిలబడ్డామంటే అతడి నాలుక పక్షాన కూడా నిలబడాలి అంటున్నాను. అతడేం తిన్నాడో తెలియకుండా అతడికేం కావాలో తెలుసని చెప్పడం ఉద్యమంలో ఎంత ప్రమాదమో కథలోనూ అంతే ప్రమాదం.

విద్యార్థులు జవాబులు తెచ్చిన తర్వాత నా పాత కథ తీసి మళ్ళీ రాయబోయాను. వడ్లు తీసేసి జొన్నలు పెట్టాను. పక్కింటామెను పిలిచి ఇద్దరి చేత విసిరించాను. గంజి కాదు, ముందు పలచటి జావ తాగించాను. కూర దగ్గర మళ్ళీ ఆగిపోయాను. శ్రావణమాసం, పస్తున్న ఇల్లు, అంగట్లో కొనే డబ్బు లేదు. ఏం కూర ఉంటుంది? అడగడానికి అమ్మ లేదు. మా వీధి చివర, వయసులో అమ్మ కంటే పదేళ్ళు చిన్న, ఒకామె ఉంటే పోయి అడిగాను. "అత్తా, శ్రావణంల జొన్నచేన్ల కలుపు తీసేటామె, ఇంట్ల ఏం లేదు, కూరకు ఏం జేస్తది?"

నన్ను ఎగాదిగా చూసింది. "కలుపే గద తీసేది. ఒళ్ళె ఏసుకొస్తది. సెంచలికూర, దొగ్గలికూర, గంగవాయిలికూర. కలుపుల లేనిదేమున్నది? ఇంత ఉప్పు, పచ్చిమిరపకాయ ఏసి ఉడకబెడితె అయిపాయె" అన్నది.

నా కథ మొదటి పేజీలో ఆమె వంగి కలుపు పీకుతూ ఉంటుంది. పీకి గట్టు మీదికి విసిరేస్తుందని రాశాను.